నీలం నీళ్ళు

పాపయ్యకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. పూజగదిలో దీపం పెట్టి కళ్ళు మూసుకున్నప్పుడల్లా అదే ఎదురవుతుంది. అన్యాయం చేసినవాడి సంగతి దేవుడే చూసుకుంటాడంటారు. మరి ఆయన చూసేదాకా దెబ్బ తిన్న మనిషి ఏం చేయాలి? ఊరుకోవడం భక్తా, పిరికితనమా? ఎవరినైనా అడుగుదామంటే నవ్వుతారేమోనని భయం.

ఫిబ్రవరిలో ఒక శనివారం, విస్కాన్సిన్‌లో గడ్డకట్టిన సరస్సు మీద నిలబడి ఉండగా ఆ సందేహం మళ్ళీ తలెత్తింది.

ఆ ఉదయం పదింటికి షికాగో దగ్గర నేపర్‌విల్‌లో డిటెక్టివ్ దమయంతికి ఫోన్ వచ్చింది. ఆమె ఎక్కువగా ఇన్సూరెన్స్ కేసులు చూస్తుంది. పాపయ్య వారమంతా ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, సెలవు దొరికితే ఆమె వెంట బయలుదేరతాడు. తనకు ఏడాదైనా కనపడని తప్పు ఆమెకు పావుగంటలో ఎలా కనపడుతుందో అతనికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒంటిగంటకు వాళ్ళు సరస్సు చేరారు. మంచు మీద నారింజరంగు కోన్లు పెట్టి మైలు పొడవు దారి గీశారు. పోటీలో కార్లు ఒకదాని తరువాత ఒకటి బయలుదేరతాయి. తక్కువ సమయంలో తిరిగివచ్చినవారు గెలిచినట్టు. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే; ఏడాదికి ఒక్క వారాంతం ఇక్కడికి వస్తారు.

ఫోన్ చేసిన శశికాంత్ నుదుటికి కట్టుతో ఎదురువచ్చాడు. టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి రెండు రోజులు డ్రైవ్ చేసుకుని వచ్చిన మనిషి.

“నన్ను చంపాలని చూశారండీ. పోలీసులకి కూడా చెప్పాను. నాలుగింటికి డెప్యూటీ వస్తాడు. ఈలోగా ఎవరో మీరు తేల్చాలి.”

“ఏం జరిగిందో వరసగా చెప్పండి.”

“తొమ్మిదింటికి నా రన్. ముందు కారు లేపిన మంచుపొడి వచ్చి నా విండ్‌షీల్డ్ మీద పడింది. అద్దం కడుగుదామని వాషర్ నొక్కాను. వైపర్ ఒక్కసారి తిరిగిందో లేదో, అద్దమంతా తెల్లగా గడ్డకట్టేసింది. ఏమీ కనపడలేదు. బ్రేక్ వేస్తే ఐస్ మీద ఆగుతుందా? వెళ్ళి మంచుగట్టుకి కొట్టుకున్నాను.”

గట్టుకు అవతల ఇరవై అడుగుల దూరంలో ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. అక్కడ ఐస్ పలచన, కింద నీళ్ళు.

వెనకనుంచి ఒకతను నవ్వాడు. అతని పేరు దివాకర్. శశికాంత్‌కు ముందు వెళ్ళిన కారు అతనిదే. “ఫ్రిస్కో బండి కదండీ! అక్కడ చలి ఉండదని వాషర్‌లో కుళాయి నీళ్ళు పోసుకుని తిరుగుతారు. మావాడూ అదే పోసుంటాడు. మర్డర్ అంట, మర్డర్!”

“నేనేం పిచ్చోణ్ణిరా? ఒకసారి...” అని శశికాంత్ ఆగిపోయాడు. “నిన్న సాయంత్రం చలికి గడ్డకట్టని బ్లూ వాషర్ ద్రవం కొత్త క్యాన్ కొని పోశాను. నీరజ్‌ని అడుగు.”

పోటీకి ముందు కార్లు తనిఖీ చేసేది నీరజ్. “నిజమేనండీ. పొద్దున క్యాబిన్ గరాజ్‌లోనే హుడ్ ఎత్తి వాషర్ ట్యాంకు చూశాను. నిండా బ్లూగా ఉంది. ఓకే అన్నాను.”

“గరాజ్‌లో వెచ్చగా ఉంటుందా?”

“హీటర్ ఉందండీ. మేం నలుగురం ఆ క్యాబిన్‌లోనే దిగాం. నేను, వీళ్ళిద్దరు, మా ఫ్రెండ్ హాసిని.”

దమయంతి వాషర్ ట్యాంకు మూత తీసింది. లోపల నీలంగా, రాయిలా గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఒక ముక్క పొడిచి తీసి వాసన చూసింది.

“పాపయ్యగారూ, మీ ఫ్లాస్క్ మూతలో కాస్త వేడినీళ్ళు పోయండి. మీ జేబురుమాలు కూడా ఇవ్వండి.”

ముక్క కరిగింది. రుమాలు ముంచి పిండితే తెల్లటి బట్ట లేత నీలంతో మెరిసింది. పాపయ్య గుర్తుపట్టాడు. ప్రతి శుక్రవారం పంచె ఉతికాక అతను చూసే మెరుపే అది.

“ఇది నీలిమందండీ!”

“అవును. చలికి గడ్డకట్టని ద్రవమైతే స్పిరిట్ వాసన వేస్తుంది. ఇవి నీలిమందు కలిపిన నీళ్ళు. పొరపాటున పోసిన నీళ్ళకు ఎవరూ రంగు కలపరు.”

దివాకర్ నవ్వు ఆగిపోయింది.

బయలుదేరే గీత దగ్గర చిన్న గుడారం ఉంది. అందులో కూర్చుని జెండా ఊపేది, సమయాలు రాసేది హాసిని. ముప్పై నాలుగేళ్ళుంటాయి. బల్ల మీద తెల్లజెండా, పక్కన మడతపెట్టిన మరో రెండు. ఆమె ఎడమచేత్తో రాసింది వంకరటింకరగా ఉంది.

“నీలిమందు ఎవరిదమ్మా?” అడిగాడు పాపయ్య.

“నాదే అంకుల్. జెండాలు ఉతకడానికి తెచ్చాను. క్యాబిన్ బాత్‌రూంలో ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు.”

“ఎడమచేతి వాటమా?”

“కాదంకుల్. కుడిచెయ్యి పైకి లేవదు. ఆరేళ్ళ కింద యాక్సిడెంట్‌లో సీట్ బెల్ట్ ఒత్తుకుని కుడిపక్క కాలర్‌బోన్ ముక్కలైంది. శశీ నేనూ ఫ్రిస్కో నుంచి ఇక్కడికే వస్తున్నాం. నేనే డ్రైవ్ చేస్తున్నానట.”

“చేస్తున్నానట అంటావేంటి తల్లీ?”

“గుర్తులేదు. అయోవాలో బంకు దగ్గర ఆగి గ్యాస్ కొట్టించుకున్నాం. ఇక నా వంతు, తాళం ఇవ్వు అన్నాను. అంతవరకే గుర్తు. తను తాళం ఇచ్చాడని, నేను పావుగంటలో రోడ్డు పక్క గార్డ్‌రెయిల్‌కి గుద్దేశానని శశి చెప్పాడు.” ఆమె కాగితాలు సర్దింది. “అప్పట్లో ఈ లేక్ మీద నా టైమే ఫస్ట్.”

దమయంతి సమయాల కాగితం తీసుకుని చూసింది. కారుకూ కారుకూ మధ్య ముప్పై సెకన్ల ఎడం. ఒక్కచోట మాత్రం పది. బయటికి వచ్చి గుడారం చుట్టూ తిరిగింది. వెనక మంచులో రెండు మంచినీళ్ళ సీసాలు రాళ్ళలా గడ్డకట్టి పడి ఉన్నాయి. వాటి పక్కన ఒక పాత డబ్బా. దాన్ని కదిపితే లోపల ఏదో తొణికిన చప్పుడైంది.

“పాపయ్యగారూ, అందరినీ పిలవండి.”

మూడున్నరకు నలుగురూ గుడారంలో చేరారు. దమయంతి నిలబడే మాట్లాడింది.

“గరాజ్‌లో ఎవరో ట్యాంకులోని అసలు ద్రవం తోడేసి నీలం నీళ్ళు పోశారు. ఇంజిన్ వేడికి అవి కాసేపు నీళ్ళుగానే ఉంటాయి. చల్లటి అద్దం మీద పడగానే గడ్డకడతాయి. కానీ శశికాంత్ వాషర్ నొక్కకపోతే? నొక్కితీరాలంటే అద్దం మీద మంచుపొడి పడాలి. అరనిమిషం ఎడం ఉంటే ఆ పొడి సర్దుకుంటుంది. ఇవాళ దివాకర్ వెళ్ళిన పది సెకన్లకే శశికాంత్‌ని వదిలారు. నీళ్ళు ఎవరైనా పోయగలరు. జెండా ఊపేది మాత్రం ఒక్కరే.”

అందరి చూపులూ హాసిని మీదికి మళ్ళాయి.

“తోడిన ద్రవం గుడారం వెనక డబ్బాలో ఉంది. ఈ చలిలో గడ్డకట్టకుండా మిగిలింది అదొక్కటే.”

శశికాంత్ లేచాడు. “హాసినీ! నీకు నేనేం చేశానే?”

“అది నేను చెబుతాను,” అంది దమయంతి. “ఈ దేశంలో డ్రైవర్ ఎడమపక్క కూర్చుంటాడు. బెల్ట్ ఎడమభుజం మీదుగా వస్తుంది. కుడిభుజం మీదుగా వచ్చేది పక్కసీటులో ఉన్నవాళ్ళకి. ఈమెకు విరిగింది కుడిపక్క. అంటే ఆ రోజు నడిపింది ఈమె కాదు. శశికాంత్ గారూ, ఇందాక ‘ఒకసారి’ అని ఆగిపోయారు; ఆ రోజు వాషర్‌లో ఏం పోశారు?”

శశికాంత్ చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు.

“నీళ్ళు,” అన్నాడు. “ఫ్రిస్కోలో పోసినవే. ట్రక్ బురద చిమ్మింది, వాషర్ నొక్కాను... అప్పటికే రెండు స్పీడింగ్ టికెట్లు ఉన్నాయి. నెలలో గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ. నీకు స్పృహ లేదు. పోలీస్ అడిగితే నోటికి వచ్చింది చెప్పేశాను.”

“ఓరి దుర్మార్గుడా!” అన్నాడు దివాకర్.

హాసిని గొంతు పెంచలేదు. “మూడు వారాల కింద కొత్త ఫిజియోథెరపిస్ట్ నా ఎక్స్‌రే చూసి, నువ్వు ప్యాసింజర్‌వి కదా అంది. కాదు, డ్రైవర్‌ని అని వాదించాను శశీ, నీ తరఫున. తరువాత పోలీస్ రిపోర్ట్ తెప్పించి చదివితే, అద్దమంతా గడ్డకట్టి ఉందని రాసుంది. మనవైపు డ్రైవర్ కుడిపక్కే కూర్చుంటాడుగా, మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆరేళ్ళుగా మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ‘జాగ్రత్తగా నడపాల్సింది’ అంటుంది. స్టీరింగ్ ముట్టుకోవాలంటేనే భయం. నువ్వేమో ఏటా ఇక్కడ నా చేతే జెండా ఊపించుకున్నావు.”

“నేను చచ్చిపోయేవాణ్ణే!”

“ఎర్రజెండాలు ఎక్కడున్నాయో నాకూ తెలుసు. చావకూడదని అనుకున్నానని అబద్ధం చెప్పను. అద్దం తెల్లబడితే ఎలా ఉంటుందో నీకు మళ్ళీ చూపించాలనుకున్నాను. చూశావుగా.”

పాపయ్యకు ఆమెను తప్పు పట్టాలనిపించింది. వెంటనే పూజగదిలోని తన సందేహం గుర్తొచ్చింది.

“నేను జడ్జిని కాను,” అంది దమయంతి. “డెప్యూటీ వస్తే నాకు తెలిసింది చెబుతాను. రెండు ప్రమాదాల గురించీ.”

“చెప్పండి మేడం. నాది నేనే చెబుతాను. వాడిది వాడు చెప్పాలి.” హాసిని లేచి శశికాంత్ ముందుకు వెళ్ళి ఎడమచెయ్యి చాపింది. “ఆ రోజు నా వంతు అన్నాను. ఏం చేశావు?”

“ఇంకో గంట నేనే నడుపుతానన్నాను.”

“తాళం ఇవ్వు.”

అతను జేబులోంచి తీసి ఆ చేతిలో పెట్టాడు.

నీరజ్ చక్రాలు చూసి తల ఊపాడు. బంపర్ చీలిందేగానీ ఇంజిన్ బాగానే ఉంది. దివాకర్ అద్దం మీది ఐస్ మొత్తం గీకాడు. హాసిని ఎక్కింది. కాసేపు కారు కదల్లేదు. తరువాత మెల్లగా కోన్ల మధ్యకు వెళ్ళింది. మొదటి మలుపులో వెనకచక్రాలు జారితే ఎడమచేత్తో సర్దుకుంది. రెండో మలుపులో కావాలనే జార్చింది. గడియారం పట్టుకున్న పాపయ్య తనకు తెలియకుండానే రెండడుగులు ముందుకు వేశాడు.

దూరంగా ఒడ్డుమీద డెప్యూటీ బండి దీపాలు కనిపించాయి. హాసిని గీత దగ్గర ఆపి దిగింది.

“ఎంత అంకుల్?”

“రెండు నిమిషాల పదకొండు సెకన్లు తల్లీ.”

“చాలా స్లో,” అంది. తాళం తెచ్చి శశికాంత్ అరచేతిలో పెట్టి, వస్తున్న బండివైపు చూపించింది.

“నా వంతు అయిపోయింది. ముందు నువ్వు వెళ్ళి చెప్పు. నీ వెనకే నేనూ వస్తాను.”