గుప్పెడు రంపపు పొట్టు

రధ్వాన్ చిన్న గరిటెతో ఎలుకల పెట్టె అడుగున తడిసిన రంపపు పొట్టు గీకుతున్నాడు. ట్యూనిస్‌లోని ఆ లాబ్‌లో ఇరవై ఏళ్ళుగా అది ముసలి తీజానీ చేసే పని. నిన్న రాత్రి తీజానీ శవం లాబ్ వెనక నీళ్ళ తొట్టిలో దొరికింది. అందుకే ఇవాళ గరిటె గూఢచారి శాఖ అధిపతి చేతికి వచ్చింది.

"ఇది మన లాబ్ ఇల్హేమ్ పనేనా సార్?" అడిగింది ఏజెంట్ దొర్సాఫ్.

"చంపినవాళ్ళకి తాళాలు ఇచ్చింది ఆవిడే. మన దగ్గర మన మనిషి, ఫ్రాన్స్‌లో మార్సేయ్ ముఠా దగ్గర వాళ్ళ మనిషి. ఆరు ఆడ ఎలుకల్ని ఎత్తుకెళ్ళి ఇంట్లో పెట్టుకుంది. నిన్ననే మగవాటితో కలిపినవి. పసిపిల్లల జ్వరానికి మనవాళ్ళు చేస్తున్న టీకా మొత్తం ఆ సంతతి మీదే నడుస్తోంది. అవి మార్సేయ్‌లో పిల్లలు పెట్టాయంటే టీకా వాళ్ళదే. మన పిల్లలకి వాళ్ళు దయతలిస్తేనే."

"రేపే అరెస్ట్ చేద్దాం."

"చేస్తే ఇంకొకరిని కొంటారు. పెట్టె వెళ్ళాలి. ఖాళీ కడుపులతో వెళ్ళాలి. ఆ సంతతి మగవి వాళ్ళ దగ్గర లేవు."

గీకిన పొట్టు ఒక రబ్బరు గ్లవ్‌లో పోసి ముడేశాడు.

"ఇది వేరే జాతి మగ ఎలుకది. రోగాలతో పోరాడే జన్యువుల్ని బట్టి ఒక్కో ఎలుకకి ఒక్కో వాసనట. కలిసిన మొదటి నాలుగు రోజుల్లో పరాయి మగదాని వాసన తగులుతూ ఉంటే ఆడదానికి కడుపు నిలవదు. ఓడ, ఆ తర్వాత రోడ్డు. రెండు రోజుల ప్రయాణం. అది చాలు."

"ఇల్హేమ్ మోసం చేసిందనుకుంటారు వాళ్ళు."

"అనుకోవాలి."

"చంపేస్తారు సార్. ఆవిడ కడుపుతో ఉంది."

"ఎలుకలు కూడా," అన్నాడు రధ్వాన్, ఇంకో పెట్టె ముందుకు లాక్కుంటూ.

దొర్సాఫ్ నిజంగానే మిడ్‌వైఫ్ చదువు చదివింది. ఇల్హేమ్ ఉండే పేటలో గర్భిణుల్ని నలుగురు మిడ్‌వైఫ్‌ల జట్టు చూసుకుంటుంది. ఒక్కో తల్లికి ఒక్కో నోటుబుక్కు. ఎవరు వెళ్ళినా అది చదువుకుని వెళ్తారు, చూసింది రాసి వస్తారు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పుకునే బాధ తల్లికి ఉండదు. నలుగురిలో ఒకామెకి సెలవిప్పించి ఆ చోటులో దొర్సాఫ్‌ని పెట్టడం రధ్వాన్‌కి ఒక్క ఫోన్‌తో అయిపోయింది.

జట్టులో పెద్దావిడ మబ్రూకా రాసిన చివరి మాటల్ని దొర్సాఫ్ మర్నాడు బస్సులో మూడుసార్లు చదివింది. "పదకొండో వారం. ఏ వాసనా పడదు, పుదీనా కూడా. పాపం, ఓపికగా చూడండి."

ఇల్హేమ్ గొలుసు తీయకుండా తలుపు సందులోంచి చూసింది. పట్టు గౌను. వాంతులతో ముఖం పీక్కుపోయినా పెదవుల రంగు చెదరలేదు.

"మబ్రూకా రాలేదేం?"

"కాన్పు దగ్గర ఇరుక్కుపోయింది."

"నాకు టీ ఎలా కావాలో చెప్పు."

"పుదీనా లేకుండా. రెండు చెంచాల చక్కెర. గ్లాసు మీద మూత."

గొలుసు జారింది. కట్టుకున్నవాణ్ణి కూడా నమ్మని మనిషి ఆ నోటుబుక్కుని నమ్మింది.

"రా అక్కా. ఆ బాల్కనీలో పెట్టె జోలికి మాత్రం పోకు, లాబ్ సామాను. మనిషొచ్చి పట్టుకెళ్తాడు."

దొర్సాఫ్ బీపీ చూసింది. సంచీలోంచి చిన్న డబ్బా తీసి చేతికిచ్చింది.

"ఇందులో మూత్రం పట్టుకురా చెల్లీ."

"మళ్ళీనా? మీ నలుగురికీ ఇంకో పని లేదా తల్లీ!"

బాత్రూం తలుపు పడింది. దొర్సాఫ్ బాల్కనీలో కూర్చుని గ్లవ్ ముడి విప్పింది. ఘాటు కళ్ళకెక్కింది. పెట్టెలో ఆరు ఎలుకలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. పొట్టు వాటి కిందికి దోపింది. ఒకటి ముక్కు పైకెత్తి, వాసన చూసి మూలకి పాకింది. మూత పెడుతుండగా బెల్ మోగింది.

"అక్కా, కాస్త తలుపు తీద్దూ!" లోపల్నుంచి కేకేసింది ఇల్హేమ్.

వచ్చింది ఓడ యూనిఫాంలో ఒక లావుపాటి మనిషి. పెట్టె ఎత్తగానే ముఖం చిట్లించాడు.

"ఏంటమ్మా ఈ కంపు? దారిలో చచ్చాయంటే నా తల తీస్తారు. మీరొకసారి చూడండి మేడమ్."

అప్పుడే బయటికొచ్చిన ఇల్హేమ్ రెండడుగులు వేసింది. పదిహేనేళ్ళు ఎలుకలతో గడిపిన మనిషి. మగదాని వాసనో ఆడదాని వాసనో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అతను మూత అంగుళం ఎత్తాడు. దొర్సాఫ్ చెయ్యి సంచీలోని పిస్టల్ మీదికి వెళ్ళింది.

ఇల్హేమ్ వాంతి తన్నుకొచ్చి, చేత్తో నోరు మూసుకుని వెనక్కి తిరిగి గోడ పట్టుకుంది.

"ఛీ! అవతలికి తీసుకుపో ముందు! ఎలుకలు కంపు కొట్టక అత్తరు వాసనొస్తాయా?"

అతను గొణుక్కుంటూ మెట్లు దిగాడు. కింద కారు కదిలింది.

దొర్సాఫ్ మంచినీళ్ళిచ్చి వీపు నిమిరింది. ఇల్హేమ్ తేరుకుని నవ్వింది.

"ఇక లాబూ లేదు, ఎలుకలూ లేవు అక్కా. ఇక నా బిడ్డే నా లోకం. గుండె చప్పుడు ఎప్పుడు వినిపిస్తారు?"

"వచ్చేసారి."

"అయితే నువ్వే రా. నీకు మబ్రూకా కన్నా ఓపికుంది."

దొర్సాఫ్ నోటుబుక్కు తెరిచింది. బీపీ నూట పది, డెబ్భై. మూత్రంలో తేడా లేదు. మళ్ళీ రావాల్సింది నాలుగు వారాలకి. ఎలుకలు పిల్లలు పెట్టాల్సింది మూడు వారాలకి. తేదీ గడి ఖాళీగా వదిలేసి పెన్ను మూత పెట్టింది.

వెళ్ళేముందు జట్టులో ఎవరైనా తల్లితో ఒక మాట అని తీరాలి. మరిచిపోతారేమోనని నోటుబుక్కు అట్ట మీద అచ్చు కూడా వేశారు: "మేమున్నాం." ఇల్హేమ్ ఆ మాట కోసం గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

దొర్సాఫ్ అట్ట లోపలికి తిప్పి సంచీలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుని, తలెత్తకుండా మెట్లు దిగిపోయింది.