ఫోటో మూలన నాన్న

"మా నాన్న ఏడీ?"

కౌంటరు మీద ఆల్బమ్ తెరిచి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. ఫోటో ప్రింట్ల షాపులో జనం అడిగే ప్రశ్నలు మామూలుగా వేరే ఉంటాయి. నా ముక్కు ఇంత పెద్దదా, ఈ పొట్ట కాస్త తగ్గించలేరా, ఇలాంటివి. అందుకే కౌంటరు వెనకున్న కుర్రాడికి ముందు ఏమీ అర్థం కాలేదు.

ఆ కుర్రాణ్ణి షాపు ఓనరు "సర్జన్" అని పిలుస్తాడు. మొటిమలు, మరకలు, వెనకాల అడ్డంగా నడిచిపోయే మనుషులు, ఏవున్నా కోసి పారేసి, కుట్టు కూడా కనపడకుండా అతికిస్తాడని ఆ పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల మహా గర్వం. అప్పటిదాకా.

"మీ నాన్నగారు ఏ ఫోటోలోనూ లేరండీ. అన్నీ నేనే చూశాను. మీరున్నారు, మీ అమ్మగారున్నారు. ఒకదాంట్లో ఎవరిదో కుక్క కూడా ఉంది" అన్నాడు సర్జన్.

"కుక్క కనపడింది కానీ మా నాన్న కనపడలేదా? ఇదిగో, ఈ మూలన వేలుండాలి. ఏదీ?"

"ఓ, అదా! లెన్సుకి అడ్డమొచ్చిన వేలు! మొత్తం తీసేశాను మేడమ్. మీరు చెప్పకపోయినా చేశాను. వెతికి చూడండి, ఒక్కదాంట్లో కూడా దొరకదు."

మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూస్తూ నవ్వాడు కూడా, పిచ్చి మారాజు. ఆమె కళ్లలో నీళ్లు చూశాక ఆ నవ్వుని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"అదే మా నాన్న" అందామె. "ఆయన పోయి రెండు నెలలయింది. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే. మమ్మల్ని నిలబెట్టి తీసేవాడు, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన ఫోటో అంటూ ఇంట్లో ఉంది ఆఫీసు గుర్తింపు కార్డు మీదొక్కటే. అందులో దొంగని పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంటాడు. మాకు మిగిలింది ఆ వేలేనండీ. ప్రతి ఫోటోలోనూ వేలు పెడతాడని నవ్వుకునేవాళ్లం. అమ్మ చూసుకుంటుందని ఆల్బమ్ చేయించాను."

సర్జన్ ఆల్బమ్ మూసేశాడు.

"పోనీలెండి" అని ఆమే కళ్లు తుడుచుకుంది. "నా మెమరీ కార్డులో అసలువి ఉన్నాయిగా. మళ్లీ ప్రింటు తీయండి."

ఇక్కడే వచ్చింది అసలు చిక్కు. ఆ షాపులో ఒక పద్ధతుంది. జనం తెచ్చిన కార్డు మీదే దిద్దుతారు, దిద్దినదాన్ని అసలుదాని మీదే సేవ్ చేస్తారు. సాయంత్రం షాపు మూసేముందు కంప్యూటరులో ఉన్నవన్నీ తుడిచేస్తారు. ఎవరింటి ఫోటోలూ మన దగ్గర పడుండకూడదని ఓనరు పెట్టిన నియమం. మంచి నియమమే.

"కార్డులోవే దిద్దానండీ" అన్నాడు సర్జన్.

లోపల్నుంచి ఓనరు "సర్జన్! ఆ పెళ్లివాళ్ల ఫోటోలు ఎంతవరకొచ్చాయి?" అని కేకేశాడు.

"సర్జనా మీరు?" అందామె. ఆల్బమ్ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

*

ఆ అమ్మాయి ఎదురుగా ఉన్న కళ్లజోళ్ల షాపులోనే పని చేస్తుంది. మర్నాడు సర్జన్ రోడ్డు దాటి వెళ్లేసరికి ఒక పెద్దాయన చెవుల వెనక ఫ్రేము వంచి సరిచేస్తోంది.

"పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉందండీ. కార్డు ఒకసారి ఇస్తే..." అన్నాడు.

"ఇంకా ఏం మిగిలిందని? ఈసారి మా అమ్మని తీసేస్తారా?"

పెద్దాయన కొత్త కళ్లజోడులోంచి సర్జన్‌ని కిందనుంచి మీదకి చూశాడు. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"మా నాన్నని కోసేసిన డాక్టరు తాతగారూ."

ఆ ముసలాయన కంగారుపడి లేచిపోయాడు. ఏడవాల్సిన సమయంలో ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసే సర్జన్ ప్రేమలో మునిగిపోయాడు. సమయం సందర్భం లేని మనసు.

కార్డు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ నడిపితే వచ్చినవి బూడిదరంగు చారలు. ఒక చారలో ఆమె చిన్నప్పటి చెప్పు, ఇంకో చారలో ఎవరి భుజమో. వేలు మాత్రం లేదు. ఆ మాట చెప్పడానికి వెళ్లిన రోజు వాన దంచి కొడుతోంది. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రండి. తడిస్తే జలుబు చేస్తుంది. జలుబు చేస్తే నా అద్దాల మీద తుమ్ముతారు."

"దొరకలేదండీ."

"మీ మొహం చూస్తేనే తెలిసింది. రండి."

వేడి వేడి టీ ఇచ్చింది. అప్పుడు ఆమెకే తట్టింది, నాన్న అప్పుడప్పుడు ప్రింట్లు తీయించి చుట్టాలకి పంచేవాడని. అవి ఎవరింట్లోనైనా ఉంటాయి కదా! సెలవు రోజుల్లో ఇద్దరూ చుట్టాల ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడుకున్నారు. వాళ్ల నాన్న లిఫ్టులు బాగుచేసేవాడని, ఏ బిల్డింగుకెళ్లినా ముందు లిఫ్టు తలుపుకి చెవి ఆనించి వినేవాడని ఆమె చెప్పింది. సర్జన్ తన గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదని కనిపెట్టి, అయినా చెప్పాడు.

పిన్నిగారింట్లో గోడ మీద ఫోటో ఉంది. ఇద్దరూ ఒకేసారి దాని మీదకి వంగారు. మూలన వేలు లేదు.

"ఆ, మీ నాన్న వేలా? ఫ్రేములో పట్టలేదే. కత్తెరతో కత్తిరించి పెట్టాను. నీట్‌గా ఉంది కదూ?" అంది పిన్ని.

మేనమామ తెల్ల అట్ట అంచు ఆ వేలికి అడ్డుపెట్టి అతికించేశాడు, ఇప్పుడు లాగితే ఫోటో చిరిగిపోతోంది. అత్తయ్య అయితే "వేలున్నవన్నీ పారేశానమ్మా, బాగున్నవే దాచాను" అని గర్వంగా చూపించింది. ఎవరి మంచితనంతో వాళ్లు ఆయన్ని మూలనుంచి గెంటేశారు.

తిరిగొస్తూ బస్టాపులో ఆమె అంది, "మీరొక్కరే కాదులెండి, సర్జన్లు మా ఇంటినిండా ఉన్నారు."

ఓదార్పుగానే అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"నన్ను తిట్టండి. మీరిలా మంచిగా మాట్లాడితే తట్టుకోలేను."

"తిట్టడానికి ఓపిక లేదు. అమ్మ రోజూ అడుగుతోంది ఆల్బమ్ ఏదని. మెషిను పాడైందని చెప్తున్నాను. ఎన్నాళ్లని పాడైపోతుంది ఆ మెషిను?" ఆమె అతని భుజానికి తల ఆనించింది. ఎప్పుడు ఆనించిందో ఆమెకే తెలియనట్టుంది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఇద్దరూ కదల్లేదు.

తల ఎత్తకుండానే ఆమె అంది. "తీసింది మీరే కదా. మీరే పెట్టండి."

"ఏంటి?"

"వేలు. ఎలాగూ మసకగా ఉండేది. గులాబి రంగు ముద్దలాగా. పైన, ఎడమ మూలన. ఎవరు కనిపెడతారు?"

"అది మోసమవుతుందండీ."

"నాన్న పోయినప్పట్నుంచీ మా అమ్మ సరిగ్గా అన్నం తినట్లేదు. అది ఇంకేమవుతుంది?"

ఆమె ఏమడిగినా కాదనే స్థితిలో అతను లేడు.

తన ఎడమ చేతి చూపుడువేలు లెన్సు ముందు పెట్టుకుని ఫోటో తీశాడు. రోజుకి వందల ఫోటోలు దిద్దేవాడికి వేలు ఏ ఫోటోలో ఏ మూలనుంచి తీశాడో గుర్తులేదు. ఆమె చెప్పినట్టే దాన్ని ఫోటోలన్నిట్లోనూ ఎడమ మూలన అతికించాడు. ఇంత శ్రద్ధగా అతను ఎప్పుడూ పని చేయలేదు. ఓనరు వెనక నిలబడి, "ఏంట్రా, నీట్‌గా ఉన్న ఫోటోలు పాడుచేస్తున్నావ్?" అన్నాడు. సర్జన్ తలెత్తలేదు.

*

వాళ్లింటికి ఇద్దరూ ఆల్బమ్ తీసుకెళ్లింది ఒక మధ్యాహ్నం. "ఇదంతా చేసింది ఈయనేనమ్మా" అని పరిచయం చేసింది అమ్మాయి. అమ్మగారు కూర్చోమంది. చేతులు చీర కొంగుకి తుడుచుకుని ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుంది.

మొదటి పేజీ చూసింది. మూలనున్న వేలుని మెల్లిగా నిమిరింది. అమ్మాయి, సర్జన్ ఒకరినొకరు చూసుకున్నారు. రెండో పేజీ తిప్పింది. మూడోది. అక్కడ ఆగిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"అన్నిట్లోనూ ఎడమ పక్కే ఉందేమిటి?"

ఆవిడ మొదటి ఫోటో చూపించింది.

"ఇది మన పాత ఇంటి డాబా మీద. సాయంత్రం. ఎండ కుడిపక్కనుంచి కొట్టేది. వేలు కుడిపక్క రావాలి." ఆవిడ గొంతులో కోపం లేదు, వెతుకులాట ఉంది. "ఎండ లెన్సులో పడితే ఫోటో తెల్లగా పోతుందని చెయ్యి గొడుగులా అడ్డం పెట్టేవాడు. ఎండ ఎటుంటే అటు. ఇది చూడు, ఇంట్లో ట్యూబులైటు కింద తీసింది. ఇందులో వేలు అసలుండదు. ఎందుకు పెడతాడు?"

సర్జన్‌కి తల కొట్టేసినట్టయింది. ఏళ్ల తరబడి వెలుతురుతోనే పని చేస్తున్నాడు. అది చేతగాని వేలని అనుకున్నాడు తప్ప, చెయ్యి అడ్డం పెట్టాడన్న ఆలోచనే రాలేదు. కూతురికీ రాలేదు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే పెట్టమన్నానమ్మా. అసలువి పోయాయి. మొత్తం పోయాయి."

"నేనే తీసేశానండీ. తప్పనుకుని తీసేశాను" అన్నాడు సర్జన్.

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

"లేదండీ."

ఆవిడ ఆల్బమ్ మీద వంగి ఏడ్చింది. ఇరుగుపొరుగుకి వినపడుతుందన్న ఆలోచన కూడా లేకుండా, గొంతెత్తి ఏడ్చింది. "బతికున్నన్నాళ్లూ 'వేలు తీయవయ్యా, వేలు తీయవయ్యా' అని నేనే తిట్టాను. ఇప్పుడు తీశాడు" అంది. కూతురు వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని ఒళ్లో తల పెట్టుకుంది. సర్జన్ లేచి నిలబడ్డాడు. వెళ్లిపోవడానికి ధైర్యం లేదు, ఉండడానికి మొహం లేదు.

చాలాసేపటికి ఆవిడ తలెత్తింది.

"ఈ వేలు ఎవరిది?"

"నాదేనండీ."

"అయితే మా ఇంటి ఫోటోలన్నిట్లోకీ అడక్కుండానే వచ్చి కూర్చున్నావన్నమాట."

అతను తల దించుకున్నాడు. కూతురు మొహం ఎర్రబడింది. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తల్లులకి ఇలాంటివి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నీది తీసెయ్ బాబూ" అంది. "అబద్ధం వేలు నాకొద్దు. ఉత్త ఫోటోలు తే. ఏ ఫోటోలో ఎండ ఎటుందో, ఆయన ఏమని అరుస్తున్నాడో, ఇది ఎవరి మీద అలిగిందో నేను చెప్తాను. నువ్వు పక్కన కూర్చుని విను. నేను పోతే అదీ పోతుంది."

"అలాగేనండీ. నన్ను క్షమించండి."

"క్షమించడం నా వల్ల కాదు" అందావిడ, కళ్లు తుడుచుకుంటూ. "రేపు రా."

గుమ్మం దాకా అమ్మాయి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. సర్జన్ చెప్పులేసుకుంటూ, "మీకు నా మొహం చూడాలనిపించకపోతే చెప్పండి. మీరు షాపులో ఉన్నప్పుడే వచ్చి అమ్మగారి దగ్గర కూర్చుని వెళ్లిపోతాను" అన్నాడు.

"మీ మొహం చూస్తే నాన్న పోయాడని మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది" అందామె.

"తెలుసండీ."

"ఏం తెలుసు మీకు? ఇంకెవరైనా అయ్యుంటే తిట్టి, శాపనార్థాలు పెట్టి, మర్చిపోయేదాన్ని. మీరంటే నాకు ప్రేమ. నేనిప్పుడేం చేయను?"

ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అతను మళ్లీ చెప్పులు విప్పి ఆ పక్కనే కూర్చున్నాడు.