బొటనవేలి కాయ

డ్రెస్డెన్‌లో నవంబరు నెలంటే సాయంత్రం నాలుగింటికే దీపం. మా ఆయన గోట్‌హార్డ్ పోయి ఇరవై రోజులైంది. అంతటి చెల్లో విద్వాంసుడు మళ్ళీ పుట్టడని ఊరంతా ఏడ్చింది. ఆయన పేరుతో అచ్చయిన స్వరరచనలన్నీ నేను వంటింటి బల్ల మీద కట్టినవని ఎవరికీ తెలీదు.

చివరి రచన తీసుకెళ్ళడానికి ఐదింటికి ప్రచురణకర్త వస్తాడు. ఆలోగా మొదటి పేజీ మీద ఆయన పేరు గీకేసి నా పేరు రాయాలి. కలంకత్తి తీశాను.

"వదినా, చచ్చినవాడి పేరు చెరుపుతావా?" అంది ఆడపడుచు ఆడెల్‌హైడ్, టోపీ ముడి వేసుకుంటూ.

"బతికున్నదాని పేరు ఆయన చెరిపినప్పుడు నీ నోరేమైందమ్మా?"

తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోయింది.

ఆఖరి అక్షరం గీకుతుంటే పక్కగదిలో మూలుగు. ఆయన చెల్లో, మనిషెత్తు వయొలిన్ లాంటి వాద్యం. ఆయన పోయిన రోజే దాని తీగలు నా చేత్తో వదులు చేశాను.

వెళ్ళి చూశాను. నాలుగు తీగలూ బిగించి ఉన్నాయి. శ్రుతిలో ఉన్నాయి.

ఆడది చెల్లోను మోకాళ్ళ మధ్య పెట్టుకోకూడదు. కాళ్ళు రెండూ ఒక పక్కకి మడిచి, నడుం మెలితిప్పుకుని వాయించాలి. అది ఊరి మర్యాద, మా ఆయన ఆజ్ఞ. ఇవాళ మోకాళ్ళ మధ్యే పెట్టుకుని కమాను ఎత్తి, ఆ చివరి రచనే అందుకున్నాను.

ఒక పేజీ బాగానే సాగింది. తర్వాత ఆయన చుట్ట వాసన. నా మోకాళ్ళకు రెండు వైపులా మరో రెండు మోకాళ్ళు... బిగుస్తున్నాయి. చెల్లో ఛాతీకి నొక్కుకుంది. ఊపిరి... అందడం లేదు.

"పక్కకి తిరిగి కూర్చో, ఓటీలియె."

"కూర్చోను."

"ఆ రచన నాది."

"ఇందులో నీ స్వరం ఏదో చూపించు. ఒక్కటి."

నా ఎడమ బొటనవేలిని ఎవరో తీగ మీద అదిమారు. ఎముక దాకా... నేను ఆపలేదు. ఆఖరి స్వరం అయ్యాక మోకాళ్ళు వదిలాయి.

బల్ల దగ్గరికి పరిగెత్తాను. గీకిన చోట ఆయన పేరు మళ్ళీ ఉంది. సిరా తడి ఆరలేదు. నా బొటనవేలి పక్కన కాయ. ముప్ఫై ఏళ్ళు తీగలు నొక్కినవాడికి కాచే కాయ, అచ్చం ఆయన వేలిది. చల్లగా ఉంది.

కింద ప్రచురణకర్త తలుపు తట్టాడు. "ఫ్రౌ వైల్కే! రాతప్రతి సిద్ధమేనా?"

"రెండు నిమిషాలండీ!"

కత్తితో ఈసారి కాయ చెక్కాను. నాకు నొప్పి లేదు. పక్కగదిలో ఎవరో కెవ్వుమన్నారు.

కాగితం మీద పేరులో మొదటి అక్షరం మాయమైంది.

ఇంకో పొర చెక్కాను. రెండోదీ పోయింది. మరో పొర... మరొకటి...

కాయ కింద నా చర్మం మాత్రం ఎంతకీ తగలడం లేదు.