అరగంట వానకు అర్జీ

“కారణం గడి ఖాళీగా వదిలేశారు,” అంటూ సులగ్న అర్జీని వెనక్కి తోసింది.

“వదిలెయ్యలేదండీ. కారణమే లేదు,” అన్నాడు బిరంచి.

వానలో అరగంట తడవడానికి అనుమతి కావాలట. అనుమతుల ఆఫీసులో అర్జీలు చూసే ఆమెకు అలాంటిది ఎన్నడూ రాలేదు. ఒడిశా తీరాన్ని పెనుతుపాను ఊడ్చేశాక, చుట్టూ గోడ కట్టి వెలసిన ఊరు నువాగడ. వాన పడబోతోందనగానే సైరన్ మోగుతుంది, తలుపులన్నీ వాటంతటవే బిగుసుకుంటాయి. ఎవరు ఎప్పుడు ఏ వీధిలో నడవాలో ఆ ఆఫీసే చెబుతుంది. బదులుగా పదకొండేళ్లలో గాలివానకు ఒక్క ప్రాణమూ పోలేదు. సులగ్నకు అది చిన్న సంగతి కాదు.

పంపులు బాగుచేసే బిరంచి మాత్రం ప్రతి సోమవారం వచ్చేవాడు. కారణం గడిలో ఒకసారి తలంటుకోవాలని రాశాడు. ఇంకోసారి, జలుబు చేసి చాలా కాలమైందని. ఆమె నవ్వు ఆపుకుంటూ తిరస్కార ముద్ర వేసేది. అతను వెళ్లాక కిటికీలోంచి మబ్బుల్ని చూడడం అలవాటైపోయింది. చినుకు ఒంటిమీద పడితే ఎలా ఉంటుందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

ఐదోసారి ఉండబట్టలేక, వానలో అంత ఏముందని అడిగింది. తన తండ్రి ఆ తుపానులోనే కొట్టుకుపోయాడని కూడా చెప్పింది. బిరంచి ముఖం చిన్నబోయింది. తెలియక ఆటలాడానంటూ అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరుసటి సోమవారం రాలేదు.

ఆ వారమంతా సులగ్న నిబంధనల పుస్తకం తిరగేసింది. దారి ఉంది. రక్షణ హామీ వదులుకుంటున్నట్టు సంతకం పెడితే ఇంటి తలుపు బిగుసుకోదు. కానీ మళ్లీ తుపాను వస్తే ఆశ్రయంలో చోటుండదు. ఆ కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

అమ్మ దాన్ని చివరిదాకా చదివింది.

“నాకు భయమే తల్లీ. కానీ ఇన్నేళ్లూ నిన్ను దాచానే తప్ప పెంచలేదేమోనని అంతకన్నా భయం. పెట్టు సంతకం.”

సులగ్న పంపుల షెడ్డుకు వెళ్లి ఆ కాగితం బిరంచికి చూపించింది. అతను రెండుసార్లు చదివి, తనకూ ఒకటి కావాలన్నాడు.

గురువారం మధ్యాహ్నం సైరన్ మోగింది. వీధంతా టకటకా మూసుకుపోయింది. సులగ్న ఇంటి ముందు ఇద్దరే నిలబడ్డారు. మొదటి చినుకు ఆమె కనురెప్ప మీద పడింది.

“నిజం చెప్పనా? మొదటి అర్జీ ఒక్కటే వాన కోసం,” అన్నాడు బిరంచి. “తక్కినవన్నీ మీ కోసం.”

“తెలుసు,” అంది సులగ్న. “అయినా మీ నోటితో వినాలనిపించింది.”

వెనక తలుపు కిర్రుమంది. అమ్మ గడప దాటలేదు గానీ, ఒక చెయ్యి మాత్రం వానలోకి చాపింది. అరచేతిలో నీళ్లు నిండేదాకా అలాగే ఉంచి, తర్వాత అడిగింది.

“ఆ అబ్బాయి భోంచేశాడా?”