కారు స్టీరియోకి కలిపిన తీగ

ఆ ఇంట్లో ఆ ఉదయం కూడా "అదే"తోనే తెల్లవారింది.

"అదే," అంది ఆవిడ, దిండుకు ఆనుకుని లేచి కూర్చుంటూ.

"మంచినీళ్ళా?" అన్నాడు భర్త.

"అదే... అదే."

"తువ్వాలా? ఇదిగో. కాదా? ఫ్యాను తగ్గించమంటావా? సరే, తగ్గించాను. పోనీ కిటికీ వెయ్యనా? వెలుగు కళ్ళలో పడుతోందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపింది. చివరికి ఎడమచేత్తో దుప్పటి అంచు నలిపేసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన తువ్వాలు చేతిలో పట్టుకుని, పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టినవాడిలా కాసేపు అలాగే నిలబడిపోయాడు.

వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. బజారు మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. కంటికి ఆనని స్క్రూలు కూడా ఆయన వేళ్ళకు చక్కగా దొరుకుతాయి. మనిషి మితభాషి. ఆ లోటంతా భార్య తీర్చేది. నోరు తెరిస్తే గలగలమని మాటలు, మాటల మధ్యలో రాగాలు. కూర మాడిందనడానికి ఒక వరస, పాలు పొంగాయనడానికి ఇంకో వరస. అలాంటి మనిషికి పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చింది. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది మాత్రం నోటిదాకా వచ్చేసరికి "అదే" అయిపోతుంది.

కూతురు టిఫిన్ ప్లేటుతో గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లో ఆ పిల్లని అమ్మడు అంటారు. నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. ఆ రోజు సెలవు.

"నాన్నా, కొంచెం ఆగచ్చుగా. అమ్మ ఒక మాట పట్టుకునేలోపు నువ్వు పది చెప్పేస్తున్నావ్."

"ఆగితే పాపం ఆయాసపడుతోందే."

"పడనీ. డాక్టరమ్మ చెప్పింది అదేగా." అమ్మడు ప్లేటు బల్ల మీద పెట్టి గొంతు తగ్గించింది. "నాన్నా, ఆ కారు సంగతి మళ్ళీ అడుగుతున్నా. ఇవాళ నాకు ఖాళీయే. వైరు కూడా తెప్పించాను."

ఆయన మొహం ముడుచుకుంది. "ఆ మాట ఎత్తొద్దన్నానా?"

సంగతి ఏమిటంటే, అమ్మడి దగ్గర అగ్గిపెట్టె అంత మ్యూజిక్ ప్లేయరు ఒకటుంది. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఇల్లు గుర్తొస్తే వినడానికని, సెలవులకు వచ్చినప్పుడల్లా తల్లికి తెలియకుండా ఆవిడ పాటలు అందులో పట్టి ఉంచుకుంది. జబ్బు చేశాక వాటిని తల్లికి వినిపించాలని చూసింది. ఇయర్‌ఫోన్లు పెడితే ఆవిడ లాగి అవతల పారేసింది. చిన్న స్పీకరు పెడితే ఆ గరగరకి చెవులు మూసుకుంది. కానీ ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కార్లో రేడియో మోగితే మాత్రం ఆవిడ వేళ్ళు తలుపు మీద దరువు వేసేవి. ఒకసారి ట్రాఫిక్ ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు సన్నగా కూనిరాగం కూడా తీసింది. అది విన్నప్పటి నుంచి అమ్మడికి ఒకటే పట్టుదల, అమ్మ పాటలు ఆ కారు స్టీరియోలోనే మోగాలని.

ఆ స్టీరియో కారుతోపాటు కంపెనీ నుంచి వచ్చినది. ప్లేయరు పిన్ను పెట్టడానికి ముందువైపు కన్నం కూడా లేదు. అయితే వెనకవైపు, డిక్కీలో పెట్టుకునే సీడీల పెట్టె కోసం ఒక సాకెట్టు వదిలారట. దానికి సరిపోయే వైరు తగిలిస్తే, ప్లేయరునే సీడీల పెట్టె అనుకుని స్టీరియో పాడుతుందట. అమ్మడు అదంతా చదివి, వీడియోలు చూసి, కంఠతా పట్టింది.

"కంపెనీవాడు బిగించిన స్క్రూ మీద ఇంకొకడి చెయ్యి పడకూడదు," అన్నాడు అద్దాలాయన చెప్పులు వేసుకుంటూ. "ఆ డ్యాష్‌బోర్డు విప్పితే మళ్ళీ అతకదు. ఇక ఆ గోల వదిలెయ్."

దుకాణానికి వెళ్ళాడే గానీ ఆయన మనసు పనిలో లేదు. ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో పెట్టబోయాడు. సొరుగులో చూస్తే చిన్న స్క్రూడ్రైవర్ల డబ్బా కనిపించలేదు. ఆయనకు వెంటనే వెలిగింది. దుకాణం తలుపు దించి, ఎండలో గబగబా ఇంటికి నడిచాడు.

అనుకున్నంతా అయింది. వాకిట్లో కారు తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మధ్య పలక ఊడి సీటు మీద పడుంది. దాని వెనకనుంచి స్టీరియో వైర్లకు వేలాడుతోంది, పన్ను పీకేసిన చిగుళ్ళలా ఆ చోటు నల్లగా నోరు తెరుచుకుని ఉంది. అమ్మడు తల లోపల దూర్చి, టార్చి నోట కరుచుకుని ఏదో వెతుకుతోంది. వెనక సీట్లో తల్లి కూర్చుని, ఇదంతా కొత్త పెళ్ళివారిని చూసినట్టు చూస్తోంది.

"ఏంటే ఈ పని!" అని కేక వేశాడు ఆయన. "వద్దన్న పని చెయ్యడానికి నా స్క్రూడ్రైవర్లే దొరికాయా నీకు?"

అమ్మడు టార్చి తీసి బయటికి వచ్చింది. నుదుటి మీద మసి. "అయిపోవచ్చింది నాన్నా. వైరు తగిలించేశాను. బ్యాటరీ మళ్ళీ కలిపితే..."

"కలపక్కర్లేదు. ముందు ఆ వైరు పీకెయ్."

"పీకను."

"అమ్మడూ!"

"పీకను నాన్నా! డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది కదా, మాట వచ్చే దారి వేరు, పాట వచ్చే దారి వేరు, ఒకటి మూసుకుపోయినా రెండోది తెరిచి ఉండచ్చు అని. ఆ దారి ఉందో లేదో ఒక్కసారి చూద్దామంటే నీకు ఒక ప్లాస్టిక్ పలక ఎక్కువైపోయిందా? నువ్వు బెంగపడేది స్క్రూల గురించి కాదు. ఏమిటో చెప్పు. అమ్మ ముందే చెప్పు."

ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి, ఎవరితోనూ కాక తనలో తను చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"ఆ గొంతు వినలేనే. అందులో పాడేది ఒక మనిషి, ఇంట్లో ఉన్నది ఇంకో మనిషి అనిపిస్తే? పోయిన మనిషి గొంతు విన్నట్టు ఉంటే? మీ అమ్మ నా పక్కనే బతికుండగా నాకు అలా అనిపిస్తే, నేనేమైపోవాలి? తను మాట మొదలెట్టేలోపే నేను మాటలు అందించేది కూడా అందుకే. ఆ ఖాళీని భరించలేక."

అమ్మడికి కోపం కాస్తా జారిపోయింది. వెనక సీట్లోంచి ఆవిడ భర్తనే చూస్తోంది. పెదవులు కదిలాయి. "అదే," అంది మెల్లగా. ఈసారి అది తడబాటు కాదు, అవునన్న మాటేనని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

అమ్మడు బానెట్ దగ్గరికి వెళ్ళి బ్యాటరీ తీగ కలిపింది. ఆయనా ఆపలేదు. స్టీరియో వెలిగింది. పాట రాలేదు, రేడియో కూడా రాలేదు. తెర మీద నాలుగు గీతలు మాత్రం మిణుకుమిణుకుమన్నాయి.

"ఇదేంటి? కోడ్ అడుగుతోంది!" అంది అమ్మడు. "దొంగలు ఎత్తుకుపోకుండా పెడతారట. బ్యాటరీ తీస్తే మళ్ళీ నంబరు కొట్టాలట. నాన్నా, నంబరెంత?"

"నాకేం తెలుసు? అలాంటివన్నీ మీ అమ్మే చూసుకునేది."

అమ్మడు తన పుట్టిన సంవత్సరం కొట్టింది. తప్పు అంది స్టీరియో. కారు నంబరు కొట్టింది. అదీ తప్పే. ఇంకొక్కసారి తప్పయితే పూర్తిగా బిగుసుకుపోతుందని ఎక్కడో చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చూశావా?" అన్నాడు ఆయన. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "దీని నోరు కూడా పడిపోయింది."

"అమ్మా," అమ్మడు వెనక్కి తిరిగింది. "నీకు గుర్తుందా అమ్మా? నాలుగంకెలు."

ఆవిడ ముందుకు వంగింది. మెడనరాలు బిగిశాయి. "అదే... అదే... అ..." మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు నిండాయి. ఎడమచేత్తో సీటును కొట్టుకుంది. తెలుసు. ఆవిడకి తెలుసని చూస్తేనే తెలుస్తోంది. తెలిసింది బయటికి రావడం లేదు, అంతే.

ఆయనకు అలవాటు ప్రకారం నోరు తెరవాలనిపించింది. ఒకటా, రెండా, మూడా అని అందించాలనిపించింది. కానీ అందించడానికి ఆయన దగ్గర అంకెలు లేవు. ఉన్నదల్లా ఒక జ్ఞాపకం. ఎప్పుడో ఒకసారి కారుకు కొత్త బ్యాటరీ వేయించినప్పుడు ఈ స్టీరియో ఇలాగే అడిగింది. తను కంగారుపడుతుంటే పక్క సీట్లోంచి భార్య నవ్వుతూ ఆ నంబరును ఒక వరసలో పెట్టి పాడింది. ఫోన్ నంబర్లయినా, బస్సు నంబర్లయినా ఆవిడ అలాగే గుర్తుపెట్టుకునేది. ఏం పాడిందో ఆయనకు ఒక్క ముక్క గుర్తులేదు. వరస మాత్రం, ఉయ్యాల ఊగినట్టు పైకి లేచి కిందికి దిగే ఆ వరస మాత్రం, ఎక్కడో మిగిలి ఉంది.

ఆయన జన్మలో గొంతెత్తి పాడి ఎరగడు. వెనక సీటు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"నా... నన్నా... నననా..." అన్నాడు.

చాలా ఘోరంగా ఉంది. శ్రుతి లేదు, లయ లేదు. వీధిలో పోతున్న సైకిలతను వెనక్కి తిరిగి చూశాడు. ఆయన సిగ్గుపడలేదు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.

ఆవిడ ఏడుపు ఆగింది. తల కొంచెం పక్కకు వాల్చి, దూరంనుంచి ఎవరో పిలుస్తుంటే విన్నట్టు విన్నది. వేళ్ళు ఆయన అరచేతిలో దరువు వెయ్యడం మొదలుపెట్టాయి. ఆయన మూడోసారి అందుకునేసరికి, ఆ దరువు మీదికి, తుప్పుపట్టిన బోల్టు కదిలినట్టు, ఒక గొంతు కదిలింది.

"ఏడూ... ఏడవకే..."

అమ్మడు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"రెండూ రెండూ... తోడున్నాయే... తొమ్మిదొచ్చి... తలుపు తీసిందే..."

బొంగురుగా ఉంది. మధ్యమధ్య ఆగింది. కానీ ప్రతి అక్షరమూ నిండుగా, తప్పు లేకుండా వచ్చింది. అంతకాలం "అదే" తప్ప ఇంకో మాట ఎరగని నోటినుంచి వచ్చింది. చెట్లూ గోడలూ అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అవి అలా ఎలా ఉండగలుగుతున్నాయో ఆయనకు అర్థం కాలేదు. ఎదురుగా ఉన్నది తన భార్యే, ఇన్నాళ్ళూ ఉన్నది ఆవిడే. ఎక్కడికీ పోలేదు. తలుపు అవతల నిలబడి, ఎవరైనా గొళ్ళెం తీస్తారా అని చూస్తోంది.

ఆవిడ కూడా తన గొంతు తానే విని బెదిరిపోయింది. చేత్తో కంఠం తడుముకుంది. తర్వాత, అది నిజమా కాదా అని చూసుకోవడానికన్నట్టు మళ్ళీ పాడింది. ఈసారి ఆగకుండా పాడింది.

అమ్మడు కళ్ళు తుడుచుకుంటూ ఏడు, రెండు, రెండు, తొమ్మిది నొక్కింది. స్టీరియో నిండుగా వెలిగింది. ఎవరూ దానివైపు చూడలేదు.

కాసేపటికి అద్దాలాయనే చెయ్యి చాచాడు. "ఆ ప్లేయరు ఇలా ఇవ్వు."

"ఇప్పుడే వద్దులే నాన్నా. నీకు కష్టమైతే..."

"ఇవ్వవే. ఇప్పుడు వింటాను."

పిన్ను ఆయనే గుచ్చాడు. నాలుగు తలుపుల్లోంచి ఒక్కసారిగా ఆవిడ పాట లేచింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు, నీళ్ళ ధార, వాటి మీద తేలిపోతూ ఆ గొంతు.

"చెంచా చెంచా చెట్టాపట్టాలు, గిన్నె వెనకే గరిటె పరుగులు..."

వెనకనుంచి ఆయన గొంతే విసుక్కోవడం కూడా వినిపించింది, ఎంతసేపు కడుగుతావే ఆ గిన్నెలు అని. పాట ఆగలేదు సరికదా, ఆ విసుగునే దరువు చేసుకుని ఇంకా హుషారెక్కింది. ఆయన భయపడినట్టు ఏమీ జరగలేదు. పోయిన మనిషి గొంతులా లేదు. పక్క గదిలోంచి పిలుస్తున్నట్టు ఉంది.

రెండో చరణానికి ఆవిడ కలిసింది. స్టీరియోలో గొంతు తేటగా, సీట్లో గొంతు గరగరగా. ఒకటి పరుగెత్తుతుంటే ఇంకొకటి కుంటుకుంటూ వెనకే వస్తోంది. కానీ దారి ఒకటే. అమ్మడు ముందు సీటు మీద గడ్డం ఆనించి, చిన్నపిల్లలా చూస్తూ ఉండిపోయింది.

పాట అయిపోయింది. ప్లేయరు నిశ్శబ్దమైంది. అద్దాలాయన భార్య చెయ్యి వదల్లేదు. ఏమైనా అడగాలనిపించింది. మామూలుగా అడిగితే మళ్ళీ ఆ తలుపు మూసుకుంటుందేమోనని భయం వేసింది. గొంతు సవరించుకుని, ఆ ఉయ్యాల వరసలోనే, ఉన్నంతలో రాగం తీశాడు.

"ఏమే... ఎలా... ఉందే... నా పాటా..."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి. ఆయన ఈసారి ఒక్క మాట కూడా అందించలేదు. ఊపిరి బిగబట్టి ఆగాడు. ఖాళీ సాగింది. ఇంకా సాగింది. అప్పుడు అదే వరసలో, ఎక్కడా పట్టి ఉంచని, ఇదివరకెప్పుడూ పాడని మాటలు ఒక్కొక్కటే దిగి వచ్చాయి.

"ఏవండీ... మీకూ... పాటా... రాదండీ..."

అమ్మడు పకపకా నవ్వింది, నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన మాత్రం భార్య ఒళ్ళో తల పెట్టేశాడు.

"రాదే," అన్నాడు. "నిజమే, నాకు రాదు. నువ్వే నేర్పాలి." తల ఎత్తి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, శ్రుతి లేకుండా మళ్ళీ ఎత్తుకున్నాడు.