ఏసీ కారులో సెట్ చేసిన మీటరు

మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ వ్యాపారి వేషంలో తిరుగుతున్న ఏజెంట్ తన్వీర్ చెవిలో చీఫ్ గొంతు పలికింది.

"దొంగిలించిన రాడార్ చిప్, సాయంత్రం కుప్పం గోడౌన్‌లో విదేశీ ముఠా చేతికి పోతుంది. లోపల మన మనిషి దాక్కోవాలి. జాగ్రత్త, వాళ్లు నైట్రోజన్ వదులుతారు. వాసన ఉండదు, గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది."

పుంగనూరు దాటగానే జోయా అతని కారెక్కింది. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోసే మనిషి. నల్ల కళ్లద్దాలు, ఘాటైన సెంటు, చేతిలో ఆక్సిజన్ మీటరు.

"సెన్సార్ వేడెక్కితే ఎక్కువ చూపిస్తుంది. దాన్ని సరిదిద్దే పార్ట్ లోపలే ఉంది. మీరే సెట్ చేయండి," అని నవ్వింది.

పని జరిగే చోటే సెట్ చేయాలన్నది రూలు. తన్వీర్‌కు తెలుసు. అయినా ఆ నవ్వుకు మెత్తబడి, ఏసీ చల్లదనంలోనే మీటరును మామూలు గాలిలో ఉండే 20.9 శాతానికి సెట్ చేసేశాడు.

కుప్పం గోడౌన్ రేకుల కింద పొయ్యిలా ఉంది. అతని జూనియర్ వాణి, కురబలకోట అమ్మాయి, పెట్టెల వెనక నక్కింది. తన్వీర్ వైరుకున్న సెన్సార్‌ను గోడ కన్నంలోంచి లోపలికి దింపి పక్క గదిలో కూర్చున్నాడు. జోయా కాపలా అంటూ బయటికి పోయింది.

"సార్, తల తిరగతాండాది," వైర్‌లెస్‌లో వాణి.

"మీటరు 20.9 చూపిస్తాండాది. అది భయమమ్మా. కదలొద్దు."

"భయం కాదు సార్. కాళ్లు పట్టు తప్పతాండాయి."

"ఇందుకే ఆడపిల్లల్ని ఫీల్డుకు వద్దనేది."

ఆమెదే తప్పని తేల్చాలని సెన్సార్‌ను తన గదిలోకి లాగాడు. అంకె 26కి ఎగబాకింది.

మామూలు గాలిలో ఆక్సిజన్ ఇరవై ఒకటి దాటదు. వేడికి మీటరు ఐదు ఎక్కువ చెబుతోంది. అంటే వాణి దగ్గర పదహారో పదిహేడో, అదీ తగ్గుతూ ఉంది. వేడిని సరిదిద్దే ఆ పార్ట్‌ను జోయా పీకేసిందన్నమాట. చల్లటి కారులో సెట్ చేసి ఆ మోసాన్ని పూర్తిచేసింది మాత్రం తనే. తన్వీర్ వైర్‌లెస్ అందుకున్నాడు.

"గేటు మూయండి! జోయాను వదలొద్దు!" అని బయట కాపు కాసిన పోలీసులకు అరిచి, ఊపిరి బిగబట్టి తలుపు తన్నాడు. స్పృహ తప్పబోతున్న వాణిని భుజాన వేసుకుని బయటపడ్డాడు. గేటు దగ్గర జోయా దొరికింది. ముఠాకు అందాల్సిన చిప్ ఆమె సెంటు సీసాలో ఉంది.

అంబులెన్స్ దగ్గర వాణి కళ్లు తెరిచింది. తన్వీర్ తల దించుకుని, "తప్పు నాదే, క్షమించమ్మా," అని గొణిగాడు.

వాణి మాస్కు పక్కకు జరిపింది.

"సరిగ్గా ఇనపడలేదు సార్. రవంత గట్టిగా చెప్పండి."

చుట్టూ కుప్పం పోలీసు స్టేషన్ మొత్తం నిలబడి ఉంది. తన్వీర్ గొంతు సవరించుకుని, గట్టిగానే చెప్పాడు.