పాస్‌పోర్టు మీద గులాబీ రంగు

బస్సులు ఆగిపోయి వారం దాటింది. బడులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, బొగ్గు గనులు ఆగాయి. తెలంగాణలో సకల జనులూ సమ్మెలో ఉన్నారని టీవీలో పొద్దస్తమానం చెబుతున్నారు. కోరుట్లలో భూదేవి మాత్రం ఎప్పటిలాగే తెల్లారకముందే లేచి, వాకిలి ఊడ్చి, చాయ పెట్టింది. సకల జనుల్లో తాను లేనన్న సంగతి ఆమెకు పెళ్లైన నాడే తెలిసిపోయింది.

ఆమె భర్త సమ్మయ్య ఇరవై ఏళ్లు దుబాయ్‌లో పెద్ద పెద్ద బిల్డింగులకు రంగులు వేసి వచ్చినవాడు. మోకాళ్లు అరిగి ఇంటికి చేరాక కుంచె అటకెక్కింది. ఉద్యమం వచ్చి దాన్ని మళ్లీ కిందికి దింపింది. డబ్బా నిండా గులాబీ రంగు తెచ్చుకుని, ఎక్కడ ‘ఆంధ్ర’ అని కనబడితే అక్కడ పూసేస్తున్నాడు. మోటారు సైకిలు మీద ఏపీ పోయి టీజీ వచ్చింది. రేషన్ కార్డు మీద ప్రభుత్వం పేరు పోయింది. చివరికి ఆవకాయ సీసా మీది ‘ఆంధ్ర’ కూడా పోయింది. ఆవకాయ మాత్రం ఆయనే తిన్నాడు.

“లోపల ఉన్నది సుత ఆంధ్ర ఆవకాయనే గదా?” అని అడిగింది భూదేవి.

“మామిడికాయకు రాష్ట్రం ఉండదే. లేబులుకే ఉంటది,” అన్నాడు సమ్మయ్య, ఇంకో ముద్ద కలుపుకుంటూ.

ఆ పొద్దున కూడా చాయ తాగి, దీక్షా శిబిరానికి పోదామని కండువా దులుపుకుంటున్నాడు. అంతలో లోపలి గదిలోంచి కొడుకు అరుణ్ తల్లిని పిలుస్తూ వేసిన కేక వినబడింది.

“అవ్వా! నా పాస్‌పోర్టు ఎవ్వలు ముట్టిండ్రు?”

అరుణ్ దుబాయ్‌లో ఏసీ మెకానిక్కు. నెలన్నర సెలవు మీద వచ్చాడు. మూడు రోజుల్లో విమానం. ఆ రోజు ఎంగిలిపువ్వు బతుకమ్మ, పండుగకు మొదటి రోజు. సద్దుల బతుకమ్మ నాటికి, దసరా నాటికి అతను మళ్లీ ఎడారిలో ఉంటాడు. పెళ్లైన మూడేళ్లుగా జరుగుతున్నది అదే.

పాస్‌పోర్టు పట్టుకుని బయటికి వచ్చిన అరుణ్ చివరి పేజీ విప్పి తండ్రి ముందు పెట్టాడు. కోరుట్ల అన్న పేరు కనబడుతోంది, జిల్లా పేరు కనబడుతోంది. దాని పక్కన రాష్ట్రం పేరు ఉండాల్సిన చోట గులాబీ రంగు దట్టంగా, పొందికగా అలికి ఉంది.

“బాపూ! నంబరు ప్లేటయింది, రేషన్ కార్డయింది, పచ్చడి సీసయింది. గిప్పుడు నా పాస్‌పోర్టా?”

సమ్మయ్య దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. బొటనవేలి గోరుతో మెల్లగా రాశాడు. ఒకసారి వాసన చూశాడు. గుమ్మంలో తంగేడు పువ్వుల గంపతో కోడలు స్వప్న బిగుసుకుపోయి నిలబడి ఉంది. ఆమెను చూశాడు, కొడుకును చూశాడు, కాసేపు ఇంటి కప్పును కూడా చూశాడు.

“నేనే గావచ్చు,” అన్నాడు.

“గావచ్చేంది బాపు?”

“నేనే తియ్యిరా. ఇండ్ల ఏడ కనవడితె ఆడ కొట్టేస్తున్న. గండ్ల గిది సుత పోయినట్టుంది.”

అరుణ్ నెత్తి పట్టుకున్నాడు. “గిది దేశం ఇచ్చిన పుస్తకం, రాష్ట్రానిది గాదు! దుబాయ్ ఎయిర్‌పోర్టుల కూసున్నోనికి ఆంధ్ర తెల్వది, తెలంగాణ తెల్వది. ఆడ అరబ్బోళ్లకు ఇండియావోళ్లమంతా ‘హిందీ’లమే. నా రూముల భీమవరమాయన ఉంటడు, పాకిస్తానాయన ఉంటడు, బంగ్లాదేశాయన ఉంటడు. నలుగురం ఒక్క కుక్కర్ల వండుకుంటం.”

“నాకు జెప్తున్నవారా? నువ్వు పుట్టకముందే పోయిన నేను. దేశం గాని దేశానికి ఇరవై ఏండ్లు రంగులేసిన. ఒక్క గోడ మీద నా పేరు లేదు. నా రాష్ట్రం పేరు నేనొక్క బోర్డు మీద రాసుకుంటె తప్పా?”

“బోర్డు మీద రాసుకో. నా బతుకు మీద రాయకు!”

సమ్మయ్య కండువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. “మన రాష్ట్రం అచ్చినంక ఈ గల్ఫుకు పోవుడే ఉండదు,” అన్నాడు, శిబిరంలో మైకు ముందు చెప్పే మాటనే గొంతు తగ్గించి.

“రాష్ట్రం అచ్చేదాక వీసా ఆగుతదా?” అంది భూదేవి. “రాష్ట్రం ఇచ్చేది ఢిల్లీవోళ్లు, వీసా ఇచ్చేది అరబ్బోళ్లు. మన చేతుల ఉన్నది గీ చాయ గిలాస ఒక్కటే. సల్లారక ముందు తాగుండ్రి.”

అరుణ్ జగిత్యాలలో ట్రావెల్ ఏజెంటు జగదీశ్‌కు ఫోన్ చేశాడు.

“అన్నా, నీళ్లల్ల నానిన పాస్‌పోర్టు సూసిన. మేక తిన్న పాస్‌పోర్టు సూసిన. ఉద్యమంల పాల్గొన్న పాస్‌పోర్టు మాత్రం గిదే మొదలు,” అన్నాడు జగదీశ్ అంతా విని. “గట్ల దీస్కపోతె ఎయిర్‌పోర్టుల ఆపుతరు. హైదరాబాదు పోయి కొత్తది దియ్యాలె.”

“బస్సులు లేవు, ఎట్ల పోవాలె?”

“మీ బాపునే అడుగు. రోడ్డు మీద కూసున్నది ఆయనే గదా!”

తండ్రీ కొడుకులు ఒక మాట కూడా మాట్లాడుకోకుండా ఒకే బండెక్కి, ముందు జగదీశ్‌ను కలుద్దామని జగిత్యాలకు బయలుదేరారు. వాళ్లు పోయాక భూదేవి పాస్‌పోర్టు కోసం చూస్తే అది మంచం మీదే ఉంది. పాస్‌పోర్టు పని మీద పోతూ పాస్‌పోర్టు మరిచిపోయే వంశం తనదని ఆమెకు ముందే తెలుసు.

చేతికి తీసుకుని చివరి పేజీ వెలుతురుకు పట్టింది. ఎండ పడగానే గులాబీ రంగులో సన్నటి మెరుపులు తళతళలాడాయి. సమ్మయ్య డబ్బాలో రంగు బర్రె తోలులా మొద్దుగా ఉంటుంది. అందులో మెరుపులు ఎక్కడివి?

భూదేవి వాకిట్లోకి వచ్చింది. స్వప్న తల వంచుకుని బతుకమ్మ పేరుస్తోంది. తంగేడు వరుస మీద గునుగు వరుస, చేతులు చకచకా ఆడుతున్నాయి. ఎడమ చేతి అయిదు గోళ్లకూ మెరుపుల గులాబీ రంగు ఉంది. కుడి చేతికి ఒక్క గోరుకూ లేదు.

“సీస అయిపోయిందా బిడ్డా?” అని అడిగింది భూదేవి.

స్వప్న చేతిలోని గునుగు పువ్వు కింద పడింది. ముందు కుడి చెయ్యి దాచింది. తప్పు చెయ్యి దాచానని అర్థమై ఎడమది దాచింది. ఇక దాచడానికి ఏమీ మిగలక ఏడ్చేసింది.

“మూడేండ్లాయె అత్తమ్మా. ఒక్క దసరకు లేడు. మా సిరిసిల్లల అందరి మొగలు పాలపిట్టను సూడవోతరు, జమ్మి తెస్తరు. నాకు ఫోన్ల సూపిస్తడు, ఎవడో షేకు బిల్డింగు. మామ రోజు అంటనే ఉన్నడు గదా, రాష్ట్రమస్తె ఎవ్వలు పోయేది లేదని. రాష్ట్రం సంగతి నాకు తెల్వదు. దసర దాక ఆగితె సాలనుకున్న.”

“గా రంగు ఏడిది?”

“ఆయనే దెచ్చిండు, దుబాయ్ నుంచి.”

భూదేవికి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారగిలింది. నవ్వు సగంలో ఏదో జ్ఞాపకం అడ్డం పడింది.

“మీ మామ మొదటిపారి పోయేటప్పుడు నేను ఒక చెప్పు దాచిన,” అంది. “బియ్యం గోలెంల, అడుక్కు. చెప్పు లేంది ఇమానమెక్క బొంబాయి దాక ఎట్ల పోతడనుకున్న. దేవులాడి దేవులాడి, ఉత్తకాళ్లతోనే పోయిండు. మల్ల రెండేండ్లకు అచ్చిండు. నీ అకల్ నాకు అప్పుడుంటె ఎంత బాగుండు!”

“మామను ఉత్తగనే తిట్టిస్తున్నం గదా అత్తమ్మా. నేను జెప్పేస్త.”

“ఆగు. చెయ్యని తప్పు మీదేసుకుని తిరుగుతున్నడు. ఇన్నేండ్ల సంసారంల చేసిన తప్పులే ఒప్పుకోలే. జెర ముచ్చట సూడనియ్యి.”

గంట తిరక్కముందే బండి వెనక్కి వచ్చింది. ఊరు దాటాక రాస్తారోకో జరుగుతోందట. సమ్మయ్య శిబిరం దోస్తు జలపతి అడ్డంగా నిలబడి, “సమ్మన్నా, పెండ్లి బండ్లు, దవాఖాన బండ్లు దప్ప దేన్ని ఇడువద్దని నిన్న తీర్మానం జేసింది నువ్వే గదా!” అన్నాడట. రోడ్డు మీదే వంటావార్పు పెట్టి ఉంటే ఇద్దరికీ కిచిడీ తినిపించి పంపారు. అరుణ్ మొహం మాడిపోయి ఉంది. సమ్మయ్య మొహంలో మాత్రం కిచిడీ బాగా కుదిరిన తృప్తి కనబడింది. అది భూదేవికి కొంచెం అనుమానంగానే తోచింది.

గత్యంతరం లేక అరుణ్ కంపెనీ ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాడు. ఆయన కేరళాయన. వచ్చీరాని హిందీలో తెలంగాణ అంటే ఏమిటో, అది ఎందుకు కావాలో, బస్సులు ఎందుకు లేవో చెప్పబోయాడు అరుణ్. “సమ్మె” అన్న మాట దగ్గరే అవతలి నుంచి సంతోషంగా ఒక కేక వచ్చింది.

“హర్తాళా? అట్లా చెప్పు! మా ఊళ్లో నెలకు రెండు. పది రోజులు ఉండి రా.”

ఏ దేశమూ గుర్తించని తెలంగాణను ఆ రోజు ఒక మలయాళీ ఫోర్‌మన్ గుర్తించాడు.

“సెలవు దొరికింది సరే. పాస్‌పోర్టు?” అన్నాడు అరుణ్.

“దసర దాటనియ్యి, నేను సూస్త,” అన్నాడు సమ్మయ్య. “ఎనామిల్ పచ్చిగున్నప్పుడు గీకితె పేజీ పోతది. పది దినాలు ఎండాలె. రంగు పని నీకేం తెల్సు?”

అట్లా పండుగ జరిగింది. సద్దుల నాడు స్వప్న బతుకమ్మను నెత్తిన పెట్టుకుని నడిస్తే అరుణ్ ఫోటోలు తీస్తూ నడిచే సెల్‌ఫోన్ టవరులా వెంటవచ్చాడు. దసరా నాడు పాలపిట్టను చూపిస్తానని తీసుకుపోయి కాకిని చూపించాడు. స్వప్నకు అదీ పాలపిట్టలాగే కనబడింది. జమ్మి ఆకు చేతిలో పెట్టినప్పుడు ఆమె కళ్లనిండా నీళ్లు.

మర్నాడు పొద్దున సమ్మయ్య అటక మీది పాత డబ్బాలోంచి ఒక చిన్న థిన్నర్ సీసా తీశాడు. దూదికి రెండు చుక్కలు అద్ది, చివరి పేజీ మీద మెల్లగా తుడిచాడు. పేజీ మీద ప్లాస్టిక్ పొర ఉంది. గులాబీ రంగు దూదిలోకి వచ్చేసింది. కింద ‘ఆంధ్రప్రదేశ్’ చెక్కుచెదరకుండా బయటపడింది.

“పాపం, ఇంక గట్లనే ఉన్నది,” అన్నాడు సమ్మయ్య దాన్ని చూసి.

అరుణ్ ఎగిరి గంతేసి జగదీశ్‌కు ఫోన్ చేయడానికి వాకిట్లోకి పరుగెత్తాడు. దారి సంగతి కూడా కుదిరింది. శిబిరంలో సమ్మయ్య తీర్మానం సవరించాడు: పెండ్లి బండ్లు, దవాఖాన బండ్లు, వీసా బండ్లు.

సమ్మయ్య దూది ఉండను కోడలి అరచేతిలో పెట్టాడు. దాంట్లో మెరుపులు తళుక్కుమన్నాయి.

“ఇరవై ఏండ్లు రంగులేసినోన్ని బిడ్డా. ఎనామిల్ ఏదో గోళ్లరంగు ఏదో తెల్వదా? మల్లపారి మెరుపులు లేనిది తెమ్మని జెప్పు వానికి.”

స్వప్న “మామా...” అంది. వంగి ఆయన కాళ్లు పట్టుకుంది.

ఇన్ని రోజులూ తానే అందరినీ ఆడిస్తున్నాననుకుంది భూదేవి. అంతలోనే ఆమెకు ఇంకో సంగతి తట్టింది.

“గట్లయితే... నా చెప్పు ముచ్చట?”

సమ్మయ్య సీసా మూత బిగిస్తున్నాడు. “బియ్యం గోలెంల ఉండె గదా. పొద్దుగాలనే సూసిన.”

“మరి తొడుక్కోక, గా ఎండల ఉత్తకాళ్లతోని ఎందుకు వోయినవ్?”

“తొడుక్కుంటె నువ్వు ఓడిపోతివి గదనే,” అన్నాడు.

భూదేవి మొహం గోడ వైపు తిప్పుకుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కాసేపటికి సమ్మయ్య అలవాటుగా, “జెర చాయ వెట్టరాదే,” అన్నాడు.

“ఈపూట సమ్మె,” అంది భూదేవి, వెనక్కి తిరగకుండానే. “నువ్వే వెట్టు.”

సమ్మయ్య పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. అయినా అందరూ గిలాసలు ఖాళీ చేశారు.